రోమ్ త్రత్తోరియాలో పాస్తా: తలుపు తీసినప్పటి నుంచి బిల్లు కట్టేదాకా

రోమ్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ నోట పాస్తా గురించి రెండు ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి. "సరిగ్గా ఉడకలేదు, ఉప్పు ఎక్కువ, కారం అసలే లేదు" అనేది మొదటిది. "టమాటా పాస్తా కదా అని తిన్నాం, అందులో పంది మాంసం ఉందని తరవాత తెలిసింది" అనేది రెండోది. మొదటిది అలవాటు లేక వచ్చే బాధ, రెండోది అడగకపోవడం వల్ల వచ్చే బాధ. రెండింటికీ మందు ఒక్కటే. అడగాల్సినవన్నీ ఆర్డరు ఇచ్చేముందే అడిగేయండి. ప్లేటు బల్ల మీదికి వచ్చాక మాటలు కట్టిపెట్టి తినండి. మంచి త్రత్తోరియాలో పాస్తాను మీరు చెప్పాకే కలుపుతారు. పెనం మీది నుంచి దిగిన దోసెకు ఎంత ఆయుష్షో దానికీ అంతే. ఫొటోలు తీసుకుంటూ పది నిమిషాలు కూర్చుంటే మీ ముందు ఉండేది వేరే వంటకం.

త్రత్తోరియా అంటే ఆడంబరం లేని భోజనశాల. ఎక్కువగా ఒక కుటుంబమే నడుపుతుంది. బల్ల మీద కాగితం పరుస్తారు, కుర్చీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పక్క బల్లవాళ్ళ సంభాషణ మీకు వినిపిస్తూనే ఉంటుంది. తెల్లటి బల్లగుడ్డలు, మెత్తని సంగీతం కావాలనుకునేవాళ్ళకు 'రిస్తొరాంతె' పేరుతో వేరే రకం ఉంది. ఇక్కడ చెప్పేది రోమ్ పద్ధతి. ఇటలీలో ఊరు మారితే పాస్తా మారుతుంది. బొలోన్యాలో గుడ్డు కలిపిన తల్యాతెల్లె రాగూ అనే మాంసపు సాసుతో వస్తే, దక్షిణాన పూల్యాలో చెవి ఆకారపు ఒరెక్యెత్తె ఆకుకూరతో వస్తుంది. ఒక్క ఊరి వంట బాగా తెలిస్తే మిగతావి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

1. ముందు చోటు, వేళ చూసుకోండి

గుమ్మం ముందు నిలబడి "రండి రండి" అని పిలిచే మనిషి ఉన్న చోటును వదిలేయండి. వంటకాల రంగు ఫొటోలు అతికించిన బోర్డు ఉన్నా, మెనూ అరడజను భాషల్లో ఉన్నా అంతే. ఇలాంటివి కొలోసియం, వాటికన్, నవోనా చౌకు చుట్టూ కొల్లలు. అక్కడా మంచివి లేకపోలేదు కానీ, దారినపోయేవాడికి అవి కనబడవు. ట్రామో మెట్రోనో ఎక్కి టెస్టాచ్చో వైపు వెళ్ళడం మేలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన నగర కబేళా ఉన్న పేట అది. 1975లో కబేళా మూతపడింది, పేటకు తిండిపోతుల పేట అన్న పేరు మాత్రం మిగిలింది. 1936 నుంచి నడుస్తున్న ఫెలీచె అనే త్రత్తోరియా అక్కడిదే. అలాంటి పేరున్న చోట్లకు ముందుగా ఫోను చేసి బల్ల ఖాయం చేసుకోకపోతే బయట నిలబడాల్సిందే. పేరు లేని చిన్న త్రత్తోరియాలో కూడా శుక్ర, శనివారాల రాత్రి ఇదే పరిస్థితి.

వేళల విషయంలో మన అలవాటు పనికిరాదు. మధ్యాహ్నం వంటగది సుమారు పన్నెండున్నరకు మొదలై రెండున్నర, మూడు గంటలకు ఆగిపోతుంది. తరవాత రాత్రి ఏడున్నర దాకా పొయ్యి వెలగదు. సాయంత్రం నాలుగింటికి నగరమంతా తిరిగి ఆకలితో వచ్చేవాళ్ళకు దొరికేది కాఫీ బారులో చల్లారిన శాండ్‌విచ్. రాత్రి ఏడున్నరకు వెళ్తే విదేశీయులే కనిపిస్తారు, రోమ్ జనం ఎనిమిదిన్నర దాటాక వస్తారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు మాత్రం ఏడున్నరే మంచిది. వంటవాళ్ళు తీరిగ్గా ఉంటారు, మీ ప్రశ్నలకు సమాధానం చెప్పే ఓపిక ఉంటుంది. వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, చాలాచోట్ల అది ఆదివారమో సోమవారమో. ఆగస్టు 15 చుట్టుపక్కల వారాల్లో చాలామంది తలుపులకు తాళం వేసి ఊళ్ళకు పోతారు.

2. లోపలికి వెళ్ళగానే

ఖాళీ బల్ల కనబడింది కదా అని వెళ్ళి కూర్చోకండి. గుమ్మం దగ్గర ఆగి పగలైతే "బోన్‌జోర్నో", చీకటి పడితే "బువొనసేరా" అని పలకరించి, ఎంతమందో వేళ్ళతో చూపించండి. వాళ్ళే తీసుకెళ్ళి కూర్చోబెడతారు. ఈ ఒక్క పలకరింపు మిగతా భోజనమంతా పనిచేస్తుంది. పలకరించకుండా నేరుగా "మెనూ" అని అడిగేవాళ్ళను రోమ్ వెయిటర్లు అంత ఆప్యాయంగా చూడరు, వాళ్ళ మొహంలోనే తెలిసిపోతుంది.

నీళ్ళు ఊరికే రావు. మామూలు నీళ్ళు కావాలంటే "నతురాలె", బుడగల నీళ్ళు కావాలంటే "ఫ్రిజ్జాంతె" అనాలి. వచ్చేది సీసా, దానికి డబ్బు కట్టాలి. రొట్టెల బుట్ట అడగకుండానే వస్తుంది, అదీ ఉచితం కాదు. ఇటలీ అంతటా మనిషికి ఇంత అని 'కోపెర్తో' పేరుతో కూర్చున్నందుకు రుసుము వేస్తారు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతం మాత్రం 2006లో చట్టం చేసి దాన్ని నిషేధించింది. అందుకని ఇక్కడ బిల్లులో 'పానె', అంటే రొట్టె, అని మనిషికి ఒకటో రెండో యూరోలు కనబడతాయి. వద్దనుకుంటే బుట్ట రాగానే ముట్టుకోకుండా వెనక్కి పంపండి. నా మాట వింటే ఉంచుకోండి, చివర్లో దాంతో పనుంది.

3. మెనూలో దేనికి ఎక్కడ చోటు

మెనూ వరుసగా ఉంటుంది: అంతిపాస్తి (ముందు తినే చిరుతిళ్ళు), ప్రీమి, సెకొండి, కొంతోర్ని, దోల్చి (తీపి). పాస్తా ఉండేది ప్రీమి కింద. అంటే తొలి వడ్డన. దాని తరవాత సెకొండిలో మాంసమో చేపో వస్తుంది, దానికి తోడుగా తినే కూరగాయలు కొంతోర్ని. ఇవన్నీ తినితీరాలన్న నియమం ఏమీ లేదు. మధ్యాహ్నం ఒక పాస్తా, ఒక కొంతోర్నో తిని లేచిపోయే రోమన్లు ఎంతోమంది. ప్లేటుకు 80 నుంచి 100 గ్రాముల పాస్తా వేస్తారు. చూడ్డానికి కొంచెంగానే ఉన్నా పందికొవ్వు, చీజు కలిసేసరికి కడుపు నిండుతుంది. సాధారణ త్రత్తోరియాలో ప్లేటు ధర సుమారు 10 నుంచి 15 యూరోల మధ్య ఉంటుంది.

మెనూలో రెండు గుర్తులు గమనించండి. వంటకం పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే అందులో ఫ్రీజర్లో ఉంచిన సరుకు వాడారని. ధర పక్కన "ఎత్తో" అని ఉంటే ఆ ధర 100 గ్రాములకు. చేపల దగ్గర ఇది చూసుకోకపోతే బిల్లు చూసి కళ్ళు తేలేస్తారు.

గోడకు వేలాడే పలక మీద ఆ రోజు ప్రత్యేకం రాసి ఉంటే మెనూ పక్కన పెట్టి ముందు దాన్ని చదవండి. పాత రోమ్ ఆనవాయితీ ప్రకారం గురువారం న్యొక్కీ అనే బంగాళాదుంప ఉండలు, శుక్రవారం చేప, శనివారం పశువుల పొట్టమాంసం. ఇప్పటికీ కొన్ని త్రత్తోరియాలు దీన్ని పాటిస్తాయి. గురువారం రోమ్‌లో ఉంటే న్యొక్కీ తినకుండా రాకండి.

4. నాలుగు పాస్తాలు, ఒకే కుటుంబం

రోమ్ పాస్తా అంటే ప్రధానంగా నాలుగు. విడివిడిగా గుర్తుపెట్టుకోవడం కన్నా ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు గుర్తుపెట్టుకుంటే తేలిక. మొదట పెకోరినో రొమానో అనే గొర్రెపాల చీజు, మిరియాలు. ఈ రెండే ఉంటే కాచో ఎ పేపె. దానికి గ్వాంచాలె చేర్చితే గ్రీచా. గ్రీచాలో టమాటా వేస్తే అమాత్రిచానా. టమాటా బదులు గుడ్డు వేస్తే కార్బొనారా. గ్వాంచాలె అంటే పంది దవడ మాంసానికి ఉప్పూ మిరియాలూ పట్టించి వారాల తరబడి ఆరబెట్టినది. మాంసం కన్నా కొవ్వు ఎక్కువ. పెనం మీద వేస్తే ఆ కొవ్వు కరిగి, ముక్క అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా మిగులుతుంది. రోమ్ వంటకు సువాసన అక్కడి నుంచే వస్తుంది. నూనె చుక్క కూడా వేయని వంటవాళ్ళున్నారు.

కాచో ఎ పేపె చూడ్డానికి అన్నిటికన్నా తేలిక, చేయడానికి అన్నిటికన్నా కష్టం. వెన్న లేదు, క్రీము లేదు. పాస్తా ఉడికిన నీళ్ళలో గంజి దిగి ఉంటుంది. ఆ నీళ్ళు కొంచెం తీసి, తురిమిన పెకోరినోలో పోసి కలిపితే చిక్కటి పాయసంలా తయారవుతుంది. వేడి ఎక్కువైతే చీజు ముద్దకట్టి తీగలు సాగుతుంది, తక్కువైతే నీళ్ళూ చీజూ విడిపోతాయి. మంచి ప్లేటును కంటితోనే పోల్చుకోవచ్చు: ప్రతి పోగుకూ సన్నటి తెల్లని పూత ఉంటుంది, అడుగున నీళ్ళు నిలవవు, ఎక్కడా చీజు గడ్డలు కనబడవు. దంచిన మిరియాలు వేడికి ఘాటుగా ముక్కుకు తగులుతాయి. టెస్టాచ్చో ఫెలీచెలో దీన్ని వెయిటరే మీ బల్ల దగ్గరికి తెచ్చి కలుపుతాడు. పాస్తా మీద తెల్లటి చీజు గుట్టగా పోసి ఉంటుంది. ఫోర్కూ గరిటె పట్టుకుని గబగబా పైకెత్తి పడేస్తుంటే పొడిపొడిగా ఉన్న చీజు చూస్తుండగానే మీగడలా మారిపోతుంది. అతను కలపడం ఆపగానే మీరు మొదలుపెట్టాలి. దీనికి వాడే తొన్నరెల్లి నలుపలకల సేమ్యాలాంటి తాజా పాస్తా, ఎక్కువగా గుడ్డు కలిపే చేస్తారు.

గ్రీచాను పర్యాటకులు పట్టించుకోరు. నన్నడిగితే ఈ నాలుగింటిలో మొదట తినాల్సింది అదే. గ్వాంచాలె అసలు రుచి దాచుకోవడానికి అందులో టమాటా లేదు, గుడ్డు లేదు.

అమాత్రిచానా పుట్టిల్లు రోమ్ కాదు, ఈశాన్యంగా కొండల్లో ఉన్న అమాత్రీచె అనే చిన్న ఊరు. 1927 దాకా ఆ ఊరు పక్కనున్న అబ్రుత్సోలో ఉండేది. అక్కడివాళ్ళు స్పగెట్టితో చేస్తారు, రోమ్‌లో మధ్యలో బోలుగా ఉండే బుకతీని వాడతారు, లేదా రిగతోని. 2016 ఆగస్టు 24 తెల్లవారుజామున వచ్చిన భూకంపం ఆ ఊరిని నేలమట్టం చేసింది. అప్పుడు ఎన్నో రెస్టారెంట్లు అమాత్రిచానా ప్లేటుకు రెండేసి యూరోల చొప్పున బాధితులకు పంపాయి. 2020లో యూరోపియన్ యూనియన్ ఈ వంటకానికి సంప్రదాయ వంటగా గుర్తింపు ఇచ్చింది. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. మన టమాటా కూరల్లాగా ఉంటుందని ఊహించుకుని వెళ్తే కొత్తగా అనిపిస్తుంది. పులుపు తక్కువ, కొవ్వు కమ్మదనం ఎక్కువ.

కార్బొనారాను తాతల నాటి వంటగా చెప్పుకుంటారు కానీ దానికి అంత వయసు లేదు. అచ్చులో కనిపించడం 1950ల నుంచే. 1954లో ఒక ఇటాలియన్ పత్రికలో వచ్చిన పద్ధతిలో వెల్లుల్లి, స్విట్జర్లాండ్ గ్రుయేర్ చీజు కూడా ఉన్నాయి. ఈ రోజు అవి వేస్తే రోమ్‌లో కొట్టినంత పనిచేస్తారు. ఇప్పటి పద్ధతి పచ్చసొన ఎక్కువగా కొట్టిన గుడ్డు, పెకోరినో, గ్వాంచాలె, మిరియాలు. పొయ్యి ఆపేశాకే గుడ్డు పోస్తారు, పాస్తా వేడికే అది చిక్కబడుతుంది. రంగు ముదురు పసుపు ఉండాలి. తెల్లగా ఉంటే క్రీము కలిపారు, గుడ్డు పొరటులా ముక్కలు కనబడితే పొయ్యి మీదే పోసేశారు. పచ్చిగుడ్డు అంటే ఇబ్బంది పడేవాళ్ళు, గర్భిణులు దీన్ని వదిలేయడం మంచిది.

ఇక మన దగ్గర పాస్తా అంటే గుర్తొచ్చే చికెన్ తెల్లసాసు పాస్తా. అది రోమ్ త్రత్తోరియాలో ఉండదు. ఇటాలియన్లు కోడిమాంసాన్ని పాస్తాలో కలపరు. ఆల్ఫ్రెడో పేరుతో ప్రపంచమంతా తిరిగే సాసుకు మూలం రోమ్‌లోనే ఉన్నా, అక్కడ అది వెన్న, పార్మిజానో చీజు మాత్రమే కలిపిన ఫెత్తుచీనె. క్రీము తరవాత అమెరికాలో చేరింది.

5. శాకాహారులు, గొడ్డు మాంసం తిననివాళ్ళు ఇది తప్పక చదవండి

పైన చెప్పిన నాలుగింటిలో మూడింటిలో పంది మాంసం ఉంది. మిగిలిన కాచో ఎ పేపె పూర్తి శాకాహారమా అంటే, మీరు గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెకోరినో రొమానో చేసేటప్పుడు పాలను గడ్డకట్టించడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పార్మిజానోకు దూడది. వెయిటర్‌ను అడిగితే "చీజు శాకాహారమే" అని మనస్ఫూర్తిగా చెబుతాడు. అతను అబద్ధమాడటం లేదు, ఆ సంగతి అతని లెక్కలోకే రాదు. ఈ పట్టింపు ఉన్నవాళ్ళు "సెన్‌త్సా ఫోర్మాజో", అంటే చీజు లేకుండా, అని చెప్పి వేరే పాస్తా తీసుకోవాలి.

వాళ్ళకు దొరికేవి తక్కువేమీ కాదు. అర్రబ్బ్యాతా అన్ని చోట్లా ఉంటుంది: టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, గొట్టాల్లా ఉండే పెన్నె పాస్తా. ఆల్యో ఓల్యో ఎ పెపెరొంచీనోలో నూనె, వెల్లుల్లి, మిరప తప్ప మరేమీ ఉండదు. అల్ పొమొదోరో అంటే టమాటా, తులసిజాతి ఆకు. ఇవి మెనూలో లేకపోయినా అడిగితే చాలాచోట్ల చేసిస్తారు, వంటగదిలో ఆ సరుకులు లేని త్రత్తోరియా ఉండదు. గుడ్డు తిననివాళ్ళకు ఇంకో జాగ్రత్త. తాజా పాస్తాలో గుడ్డు ఉండే అవకాశం ఎక్కువ. ఎండు పాస్తా మాత్రం సాధారణంగా దురుమ్ గోధుమ రవ్వ, నీళ్ళు మాత్రమే. 1967 నుంచి ఇటలీ చట్టం దానికి దురుమ్ గోధుమనే తప్పనిసరి చేసింది. కనుక స్పగెట్టి, పెన్నె, రిగతోని అడగండి. ఫెత్తుచీనె, తొన్నరెల్లి, రవ్యోలి దగ్గర ఆగి ప్రశ్నించండి.

ఇవి చూడ్డానికి శాకాహారంలా ఉండి మోసం చేసేవి. శనగలతో చేసే పాస్తా ఎ చేచిలో ఆంచోవీ చేప కరిగించి వేస్తారు, ముక్క కనబడదు. చిక్కుడు గింజల పాస్తా ఎ ఫజోలిలో పంది చర్మమో కొవ్వో వేయడం మామూలు. పుత్తనెస్కా టమాటా సాసులో ఆలివ్‌లు, కేపర్లతో పాటు ఆంచోవీ ఉంటుంది. గుమ్మడిపూల వేపుడులో మోత్సరెల్లాతో పాటు ఆంచోవీ దాగి ఉంటుంది, అన్నపు బోండాలాంటి సుప్లీలో మాంసపు రాగూ. రాగూ అన్న మాట కనబడితే గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉండవచ్చని అనుకోండి. రిగతోని కాన్ లా పయాతా అన్నది పాలు తాగే దూడ పేగులతో చేసేది. మాంజో అంటే గొడ్డు మాంసం, విత్తెల్లో దూడ మాంసం, మయాలె పంది, అబ్బాక్యో గొర్రెపిల్ల, పొల్లో కోడి. ఈ ఐదు పదాలు ఫోనులో రాసిపెట్టుకుంటే సెకొండి దగ్గర కూడా పనికొస్తాయి.

"వెజెతరియానో" అని ఊరుకోవద్దు. అలా అంటే చేప తింటారని, మాంసం ఉడికిన నీళ్ళు ఫరవాలేదని అనుకునేవాళ్ళున్నారు. "నాన్ మాంజో కార్నె, పేషె, ఉవోవా" అనండి: మాంసం, చేప, గుడ్డు తినను. ఇందులో మాంజో అంటే 'తింటాను', పైన చెప్పిన గొడ్డు మాంసం కాదు. తరవాత మీరు ఎంచుకున్న వంటకం పేరు మీద వేలు పెట్టి "చె కార్నె?", అంటే మాంసం ఉందా, అని అడగండి. అలెర్జీ ఉన్నవాళ్ళ కోసం యూరప్ నిబంధనల ప్రకారం ప్రతి చోటా 14 పదార్థాల సమాచారం ఇవ్వాలి. ఆ కాగితం అడిగితే గుడ్డు, పాలు, చేప ఉన్నాయో లేదో కచ్చితంగా తెలుస్తుంది. మాంసం మాత్రం ఆ జాబితాలో ఉండదు, అది నోటితోనే అడగాలి.

6. ఆర్డరు చెప్పడం

పాస్తా, సెకొండో రెండూ తినేటట్టయితే ఒకేసారి చెప్పండి. వాళ్ళు వరుసగా తెస్తారు. నలుగురు నాలుగు రకాలు చెప్పి, బల్ల మధ్యలో పెట్టి, అందరూ అన్నీ రుచి చూడటం మన పద్ధతి. త్రత్తోరియాలో ఇది కొంత ఇబ్బంది పెడుతుంది. ఎవరికి వాళ్ళు ఒక ప్లేటు తింటేనే పాస్తా వేడిగా తినగలరు. చేతులు మారుతూ తిరిగేసరికి కార్బొనారా బిగుసుకుపోయి ఉంటుంది. మరీ మనసు ఒప్పుకోకపోతే "బిస్ ది ప్రీమి" ఉందా అని అడగండి. కొన్నిచోట్ల రెండు రకాలు సగం సగం వడ్డిస్తారు. ఇద్దరు కలిసి వెళ్తే చెరొకటి చెప్పి సగం తిన్నాక ప్లేట్లు మార్చుకోవడం ఇంకా తేలిక, వాళ్ళూ చేసే పనే.

వంటకంలో ఉన్నది తీసేయమనవచ్చు, లేనిది వేయమనడం మర్యాద కాదు. చీజు వద్దు అంటే సంతోషంగా చేస్తారు. అమాత్రిచానాలో పంది బదులు కోడి వేయండి అంటే మాత్రం వంటవాడికి మీ మీద గౌరవం పోతుంది. పిల్లలకు "మెజ్జా పొర్త్సియోనె", అంటే సగం ప్లేటు, అడగండి. కారం, మిరియాలు వద్దంటే "పాస్తా ఇన్ బియాంకో", వెన్నో నూనెతోనో కలిపిన వట్టి పాస్తా, మెనూలో లేకపోయినా చేసిపెడతారు. పిల్లలంటే ఇటాలియన్లకు బలహీనత. వంటగదిలోంచి అమ్మమ్మే బయటికొచ్చి బుగ్గ గిల్లి వెళ్ళినా ఆశ్చర్యపోకండి.

పాస్తాకు తోడు కొంతోర్నోల్లో చికోరియా రిపస్సాతా ఉంటే తీసుకోండి. చేదు ఆకుకూరను ఉడికించి వెల్లుల్లి, ఎండుమిరపతో నూనెలో వేపుతారు. రోమ్‌లో తెలుగు నాలుకకు ఇంతకన్నా దగ్గరగా వచ్చేది మరొకటి లేదు.

7. ఇక తినడం

ప్లేటు వచ్చింది. మిగతావాళ్ళ ప్లేట్లు రాలేదని ఆగాల్సిన పని లేదు. మామూలుగా అందరివీ కలిపే తెస్తారు, తేకపోతే పక్కవాళ్ళే తినమంటారు.

పొడవు పాస్తాను కత్తితో కోయకండి. ఫోర్కు మొనను ప్లేటు అంచు దగ్గర ఆనించి, రెండు మూడు పోగులు మాత్రమే పట్టుకుని తిప్పండి. ఎక్కువ పోగులు పట్టుకోబట్టే బంతంత ముద్ద తయారై నోట్లో పట్టక ఇబ్బంది వస్తుంది. కింద చెంచా పట్టుకుని తిప్పడం పిల్లలకే. ఒకటి రెండు పోగులు వేలాడితే పళ్ళతో తుంచేయండి, జుర్రుకుంటే చొక్కా మీద అమాత్రిచానా. రోమన్లు మెడకు రుమాలు కట్టుకోవడం వెనక కారణం ఇదే.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "పలుకు ఉంది, ఉడకలేదు" అనిపిస్తుంది. వెనక్కి పంపకండి. అలాగే ఉడికించాలని వాళ్ళ పట్టుదల. కొరికిన పోగును చూడండి, మధ్యలో సూదిమొనంత తెల్లటి చుక్క కనబడితే వంటవాడు వేళకు దించాడని అర్థం. పిండి తెల్లగా మందంగా ఉంటే అది నిజంగానే పచ్చి. పెకోరినో సహజంగానే ఉప్పగా ఉండే చీజు, గ్వాంచాలె కూడా ఉప్పులో ఊరినదే, అందుకే ఆ ఉప్పదనం. మధ్యమధ్య నీళ్ళు తాగుతూ, రొట్టె కొరుకుతూ తింటే సర్దుకుంటుంది.

కారం సంగతి. అర్రబ్బ్యాతా వాళ్ళకు మంట, మనకు పలకరింపు. "పెపెరొంచీనో" అడిగితే ఎండుమిరప పలుకులో, మిరప ఊరిన నూనెసీసానో తెచ్చిస్తారు. అది టమాటా పాస్తాల మీద, ఆల్యో ఓల్యో మీద బాగుంటుంది. కార్బొనారా మీద వేస్తే ఉన్న రుచి పోతుంది. సంచిలోంచి కందిపొడి సీసా తీయాలనిపించినా కనీసం సగం ప్లేటు అయ్యేదాకా ఓపిక పట్టండి. చేపలు, ఆల్చిప్పల మాంసంతో చేసే పాస్తా మీద చీజు అడగవద్దు. వెయిటర్ లేదనడు, కానీ ఇచ్చేటప్పుడు మొహం చిన్నబుచ్చుకుంటాడు.

పాస్తా అయిపోయాక ప్లేటులో సాసు మిగులుతుంది. ఉంచుకోమన్న రొట్టె ఇప్పుడు తీయండి. చిన్న ముక్క తుంచి, దాంతో ప్లేటంతా తుడిచి తినేయండి. 'స్కర్పెత్త' అంటారు దీన్ని. పెద్ద రెస్టారెంట్లలో బాగుండదంటారు గానీ త్రత్తోరియాలో వంటవాడికి ఇంతకన్నా మెప్పు లేదు. అమాత్రిచానా ప్లేటును ఇలా తుడిచి తినకుండా పంపడం దండగ.

8. ఆ తరవాత

తీపి కావాలంటే తిరమిసు దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. అందులో పచ్చిగుడ్డు, కాఫీ ఉంటాయి, కొన్నిచోట్ల మద్యం కూడా, పిల్లలకు పెట్టేముందు అడగండి. కాఫీ అంటే చిన్న కప్పులో ఎస్‌ప్రెసో వస్తుంది. భోజనం తరవాత పాలు కలిపిన కపుచ్చీనో అడిగితే ఇస్తారు, అయితే వాళ్ళ దృష్టిలో అది పొద్దున పూట తాగేది.

బిల్లు అడిగేదాకా తీసుకురారు. తేవడమంటే "లేవండి" అన్నట్టని వాళ్ళ భావన, కాబట్టి ఆలస్యాన్ని నిర్లక్ష్యంగా తీసుకోకండి. "ఇల్ కోంతో, పెర్ ఫవోరె" అంటే తెస్తారు. కొన్ని చిన్నచోట్ల మీరే గల్లా దగ్గరికి వెళ్ళి కట్టాలి. బిల్లులో మీరు తిన్నవి, నీళ్ళ సీసాలు, రొట్టె ఒక్కొక్కటీ సరిచూసుకోండి. 'సెర్విత్సియో' అని శాతం వేసి ఉంటే అది మెనూలో ముందే రాసి ఉండాలి. లేకపోతే మెనూ తెప్పించి మర్యాదగా చూపించండి, చాలాసార్లు అక్కడికక్కడే తీసేస్తారు. టిప్పు తప్పనిసరి కాదు. 47 యూరోలు అయితే 50 ఇచ్చి చిల్లర వదిలేస్తే చాలు, కార్డుతో కడితే నాణేలు బల్ల మీద ఉంచవచ్చు. రసీదు అడిగి తీసుకుని బయటికి వచ్చేదాకా దగ్గర ఉంచుకోండి.